“చేనేత కదా, అలాగే ఉంటుంది” అనే ముందు: సహజ రంగుల బట్టలు తిరిగి రాకుండా చూసుకునే పద్ధతి

మేం అమ్మిన నీలిమందు కుర్తా ఒకటి విజయవాడ నుంచి తిరిగొచ్చింది. పార్శిల్ విప్పితే కుర్తాతో పాటు ఒక తెల్ల చున్నీ కూడా ఉంది. చున్నీ భుజం దగ్గర అరచేయంత నీలం మరక. పంపినావిడకు ఫోన్ చేశాను. నోటికి అలవాటైన మాట వచ్చేసింది: “సహజ రంగు కదండీ, మొదట్లో కొంచెం అలాగే ఉంటుంది.”

ఆవిడ కోప్పడలేదు. “తెలుసమ్మా, తెలిసే కొన్నాను. అంటుకుంటుందని ఒక్క మాట రాసి ఉంటే తెల్ల చున్నీ వేసుకునేదాన్ని కాదు కదా” అంది.

ఆ కుర్తా తిరిగి రావడానికి రెండు కారణాలున్నాయి. అద్దకం దగ్గర ఉతుకు చాలలేదు. అమ్మేచోట మాట చాలలేదు. మొదటిది లోపం, రెండోది దాపరికం. మధ్యలో “చేనేత కదా” అనే మాటను అడ్డం పెట్టుకుని రెండింటినీ కప్పేయబోయాను. పర్యావరణం పేరు చెప్పి బట్టలమ్మే చిన్న బ్రాండ్లన్నిటికీ ఈ అలవాటే పెద్ద చెరుపు అని అప్పటి నుంచి నాకు గట్టిగా అనిపిస్తోంది. చేతి పని స్వభావం వేరు, చేతి పనిలో లోపం వేరు. ఆ రెండింటినీ విడదీసి కాగితం మీద పెట్టగలిగితే తిరిగొచ్చే బట్టల్లో చాలావాటిని ముందే ఆపవచ్చు. నేత, అద్దకం, కటింగ్, అమ్మకం వరుసలో అదెలా చేయాలో చెబుతాను.

ముందు లెక్క చూసుకోండి

ఒక కుర్తా 1,800 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. పంపడానికి 80, వెనక్కి తెప్పించడానికి 100, ప్యాకింగుకు 30, మళ్లీ ఉతికి ఇస్త్రీ చేయడానికి 40 అనుకుంటే మొత్తం 250. మీకు ఒక్కో కుర్తా మీద మిగిలేది 300 అయితే, ఒక్కటి తిరిగొస్తే దాదాపు ఇంకో కుర్తా అమ్మిన లాభం దానికే పోతుంది. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలే, మీ అంకెలతో మీరే వేసుకోండి.

డబ్బు ఒక ఎత్తు. బట్ట రెండుసార్లు లారీ ఎక్కుతుంది, రెండు అట్టపెట్టెలు ఖర్చవుతాయి, ఒక్కోసారి గోడౌన్‌లో మూలన పడి పురుగు పడుతుంది. రసాయనాలు లేని పత్తి, సున్నం బానలో ముంచిన నీలి, గుంట మగ్గం మీద రోజుల తరబడి నేత అని అంత చెప్పుకున్న బట్ట ఎవరూ తొడగకుండానే పాడైపోతే, భూమికి మనం చేసిన మేలు ఏముంది?

1. తిరిగొచ్చినవాటికి ఒక పుస్తకం పెట్టండి

కంప్యూటర్ షీటయినా సరే, నోటుపుస్తకమైనా సరే. తిరిగొచ్చిన ప్రతి బట్టకూ ఈ వివరాలు రాయండి: ఏ తానులోది, ఏ అద్దకం విడతలోది, ఎవరు కుట్టారు, కొన్నవారు తమ మాటల్లో ఏం చెప్పారు, మీరు విప్పి చూస్తే ఏం కనిపించింది. చివరి రెండూ వేరువేరు గడులుగా ఉండాలి. అవి చాలాసార్లు ఒకటి కావు.

“సైజు సరిపోలేదు” అన్నది కారణం కాదు, అక్కడి నుంచి అడగడం మొదలుపెట్టాలి. ఎక్కడ బిగిసింది? చంకలోనా, పైచేతి దగ్గరా, పిరుదుల దగ్గరా? తొడిగిన మొదటిసారేనా, ఉతికాకా? ఉతికాక బిగిస్తే అది సైజు తప్పు కాదు, బట్ట కుదించుకుపోవడం. మా పుస్తకంలో “సైజు” కింద రాసిన వరుసలను ఇలా మళ్లీ అడిగి విడదీస్తే, చాలా భాగం ఉతికాక పొట్టిదైన కేసులేనని తేలింది. సైజు పట్టిక ఎంత మార్చినా అవి ఆగేవి కావు.

డెలివరీ అప్పుడు డబ్బు కట్టే పద్ధతిలో అమ్ముతుంటే, గుమ్మం దగ్గరే వద్దని తిప్పి పంపినవాటిని విడిగా రాయండి. అవి బట్ట నాణ్యత గురించి ఏమీ చెప్పవు. ఆర్డరు పెట్టిన రోజే ఒక ఫోనో మెసేజో చేసి నిర్ధారించుకుంటే అవి తగ్గుతాయి. వాటిని నాణ్యత లెక్కలో కలిపేస్తే అసలు జబ్బు కనిపించదు.

2. స్వభావం ఒక పక్క, లోపం ఒక పక్క

ఈ పని కూర్చుని చేయాలి, మీరొక్కరే చేయకూడదు. నేతపనివారు, అద్దకం చేసేవారు, కటింగ్ మాస్టర్ అందరూ ఉండాలి. ఒక పెద్ద కాగితం మధ్యలో గీత గీయండి.

పోచంపల్లి ఇక్కత్‌లో పువ్వు అంచు కాస్త చెదిరినట్టుండటం స్వభావం. నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచి ఆపైన నేస్తారు కాబట్టి గీత కత్తిరించినట్టు ఉండదు. అదే బట్టతో కుట్టిన కుర్తాలో ముందు భాగం ఎడమపక్క పువ్వు ఒక ఎత్తులో, కుడిపక్క ఇంకో ఎత్తులో ఉంటే? అది నేత స్వభావం కాదు, కటింగ్ బల్ల మీద జరిగిన తప్పు.

చేత్తో వడికిన నూలులో అక్కడక్కడా లావు పోగు స్వభావం. పడుగు (నిలువు పోగు) తెగినచోట వేసిన ముడి బట్ట పైవైపుకు పొడుచుకొచ్చి గోరుకు తగులుతుంటే లోపం. పెడన అచ్చుల కలంకారీలో రెండు అచ్చులు కలిసే చోట సన్నటి సందు స్వభావం. అచ్చు జారి రంగు పులిమినట్టు కావడం లోపం. రెండు విడతల్లో అద్దిన మంజిష్ఠ ఎరుపులో చిన్న తేడా స్వభావం. ఒకే సెట్టుగా అమ్మిన కుర్తాకీ చున్నీకీ మధ్య అదే తేడా ఉంటే లోపం, ఎందుకంటే ఒకే విడతలోవి జత చేయడం మన చేతిలో పనే.

పేక (అడ్డపోగు) తప్పి బట్టకు అడ్డంగా గీతలా కనిపించడం, మగ్గం నూనె మరక, తడిసి ఎక్కిన బూజు చుక్క, వీటికి వాదన అక్కర్లేదు. లోపాలే.

ఈ కాగితం పడుగు ఎక్కకముందే తయారవ్వాలి. తాను కోసి తెచ్చాక “ఇది బాగాలేదు, కూలిలో కోస్తాం” అనడం అన్యాయం. ఏది ఒప్పుకుంటామో ముందే చెప్పి, పాత ముక్కలు చూపించి, లోపం వస్తే ఆ మీటరు దేనికి వాడతామో, కూలి ఎంత ఇస్తామో కూడా అప్పుడే అనుకోవాలి. నేతన్న కూలి కోసి నాణ్యత తెచ్చిన బ్రాండును నేను చూడలేదు. ముందే తెలిస్తే ముడి ఎక్కడ దాచాలో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

3. తాను చేతికి రాగానే

మొదట పన్నా, అంటే బట్ట వెడల్పు కొలవండి. రెండు చివర్లలో, మధ్యలో, మూడు చోట్లా. 44 అంగుళాలన్న తాను మధ్యలో 42కు తగ్గితే కటింగ్‌లో పక్క ముక్కలు చాలక మాస్టర్ కుట్టు మార్జిన్ తగ్గించేస్తారు. ఆ తగ్గింపు తర్వాత చంక దగ్గర చిరుగుగా తేలుతుంది.

తరువాత వెలుతురు. కిటికీ ఎదురుగా దండెం కట్టి దాని మీదుగా తానును మెల్లగా లాగుతూ ఇద్దరు చూడాలి. లోపం కనిపించినచోట అంచుకు రంగు దారం ముడి వేయండి, సుద్దతో రాస్తే చెరిగిపోతుంది. మార్కులు వేసుకోవాలంటే బట్టల పరిశ్రమలో వాడే నాలుగు పాయింట్ల పద్ధతి ఉంది: లోపం 3 అంగుళాల లోపు ఉంటే 1 పాయింటు, 6 దాకా 2, 9 దాకా 3, ఆపైన 4. వంద చదరపు గజాలకు 40 పాయింట్లు దాటితే తాను తిప్పి పంపడం మామూలు. 44 అంగుళాల పన్నా, 20 మీటర్ల తానుకు అది దాదాపు 11 పాయింట్లు. మర యంత్రాల బట్టకు పుట్టిన లెక్క ఇది. చేనేతకు వాడేటప్పుడు పైన గీసిన కాగితంలో స్వభావం వైపు ఉన్నవాటికి పాయింట్లు వేయకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ఉతుకు. మగ్గం దిగిన బట్టకు పడుగుకు పట్టించిన గంజి ఉంటుంది. ఆ గంజి వల్ల బట్ట బిగువుగా, బరువుగా, నిండుగా కనిపిస్తుంది. మొదటి ఉతుకులో గంజి పోయి పోగులు సడలి దగ్గరికి చేరతాయి, బట్ట కుదించుకుంటుంది. అందుకని తూకమైనా కొలతైనా ఉతికాకే నమ్మాలి.

ప్రతి తాను నుంచీ ఒక ముక్క కోసి, దాని మీద పడుగు వైపు 50, పేక వైపు 50 సెంటీమీటర్ల దూరంలో దారంతో గుర్తులు కుట్టండి. కొన్నవారి ఇంట్లో ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి, అంటే బజారు సబ్బుపొడి, వాషింగ్ మెషీన్, బోరు నీళ్లు. మూడుసార్లు ఉతికి ఆరబెట్టి కొలవండి. 50 కాస్తా 48 అయితే నూటికి 4 కుదించుకున్నట్టు. 46 అంగుళాల కుర్తా పొడవు దాదాపు 2 అంగుళాలు తగ్గుతుంది. 40 అంగుళాల ఛాతీ 38.4 అవుతుంది. అదే తేడాతో మెత్తగా సరిపోయిన కుర్తా బిగిసి ఊపిరాడనివ్వదు.

దీనికి మందు పాతదే. కటింగ్‌కు ముందు తాను మొత్తం రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి. ఒక రోజు ఆలస్యం, కొంచెం నీటి ఖర్చు అవుతుంది. ఆ నీటిని మొక్కలకు పోయవచ్చు, గంజి నీళ్లే కదా. రంగు ఎక్కని తెల్ల తానుకే ఈ మాట.

4. రంగు దగ్గర ఆగి ఆలోచించండి

సహజ రంగులన్నీ ఒకటి కావు. వేటి బలహీనత వాటిదే. తిరిగొచ్చే కారణాలూ వేరు.

నీలిమందు నీళ్లలో కరగదు. బానలో సున్నం, బెల్లం వంటివాటితో పులిస్తేనే అది పచ్చటి ద్రవంగా మారి నూలులోకి దిగుతుంది. బయటికి తీసి గాలి తగలగానే నీలంగా గడ్డకడుతుంది. అంటే రంగు పోగును రసాయనంగా పట్టుకుని ఉండదు, పోగులో చిక్కుకుని ఉంటుంది. తొందరపడి చిక్కటి బానలో ఒక్కసారి చాలాసేపు ముంచితే చాలా రంగు పైపైనే కూర్చుంటుంది. అదే చున్నీకి అంటుతుంది. పలచటి బానలో చాలాసార్లు, ప్రతిసారీ గాలికి ఆరనిస్తూ ముంచిన నీలం నిలుస్తుంది. చివర్లో నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, కొన్ని రోజులు ఆరనిచ్చి, వేడి నీళ్లలో మెత్తటి సబ్బుతో మళ్లీ ఉతకాలి. మా తప్పు సరిగ్గా ఈ చివరి మెట్టులోనే జరిగింది. పండుగ ఆర్డర్లని రెండు జాడింపులు తగ్గించాం.

కరక్కాయ, ఇనుము కలిసి ఇచ్చే నలుపు ఇంకో రకం. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసే ఈ నలుపు కలంకారీ గీతలకు ప్రాణం. దానికి పులుపు పడదు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నల్ల ముక్క మీద నిమ్మరసం ఒక చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగండి. చుక్క పడ్డచోట నలుపు కరిగి బూడిదరంగు మచ్చ, కొన్నిటిలో గోధుమరంగు వలయం కనిపిస్తుంది. పెళ్లి విందులో పులిహోర మెతుకు పడ్డా, నిమ్మకాయ పచ్చడి అంటినా జరిగేదదే. కొన్నవారు “రంగు పోయింది” అని పంపే చీరను మీరు విప్పి చూస్తే మచ్చ చుక్కలా ఉంటుంది. చుక్కలా ఉంటే పులుపు, ఒకే మోతాదులో అంతటా పలచబడితే ఎండ లేదా ఉతుకు. ఇంకో సంగతి, ఇనుము ఎక్కువైతే కాలక్రమంలో నూలును తినేస్తుంది. పాత కలంకారీల్లో నల్ల గీతల దగ్గరే బట్ట ముందు చివుకుతుంది. కాబట్టి నలుపు చిక్కగా కావాలని ఇనుప నీళ్లు పెంచమని అద్దకంవారిని తొందరపెట్టకండి.

పసుపు సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది. బజారు సబ్బుపొడిలోని క్షారం బట్ట మీది పసుపుకూ అదే చేస్తుంది. పైగా ఎండకు తొందరగా వెలుస్తుంది. బట్టల అద్దకానికి పసుపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నా సలహా. దానిమ్మ తొక్క పసుపు దానికంటే చాలా నయం.

నీళ్లు కూడా రంగే. కరక్కాయ పట్టించిన మీగడ రంగు బట్టను ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లలో ఉతికితే బూడిదగా మారుతుంది. హైదరాబాదులో ఒక కాలనీకీ ఇంకో కాలనీకీ నీటి తేడా ఉంటుంది కాబట్టి ఒకే తానులోని రెండు కుర్తాల్లో ఒకటి బాగుండి ఒకటి మాసిపోవచ్చు. మంజీరా నీళ్లతోనో వర్షపు నీళ్లతోనో పరీక్షించి తృప్తిపడకుండా, బోరు నీటి బాటిల్ ఒకటి పక్కన పెట్టుకోండి.

ప్రతి అద్దకం విడతకూ చేయాల్సిన పరీక్షలు మూడు.

ఉతుకు పరీక్ష: రంగు ముక్కకు అంతే సైజు తెల్ల నూలు ముక్క కుట్టి కలిపి ఉతకండి. తెల్ల ముక్కకు ఎంత రంగు అంటిందో చూడండి.

రుద్దుడు పరీక్ష: పొడి తెల్ల గుడ్డతో పదిసార్లు, తడి తెల్ల గుడ్డతో పదిసార్లు ముందుకూ వెనక్కీ రుద్దండి. ఒత్తిడి ఒకేలా ఉండాలి కాబట్టి ఎప్పుడూ ఒకే మనిషి చేయాలి.

ఎండ పరీక్ష: ముక్కలో సగం నల్ల అట్టతో మూసి కిటికీలో వారం రోజులు పెట్టండి.

ఇవే పరీక్షలను ల్యాబుల్లో ఐఎస్ఓ 105 వరుస ప్రమాణాల ప్రకారం చేస్తారు. ఉతుక్కీ రుద్దుడుకీ 1 నుంచి 5 దాకా మార్కులు, 5 అంటే రంగు కదల్లేదని. ఎండకు 1 నుంచి 8 దాకా. కొత్త రంగు మొదలుపెట్టేటప్పుడైనా ఒకసారి టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబులో చేయించి, ఆ ముక్కలను మీ ఇంటి పరీక్ష ముక్కల పక్కన అతికించుకోండి. అద్దకం సమస్యలకు హైదరాబాదు, విజయవాడ నేతన్నల సేవా కేంద్రాల్లో తెలిసినవారు ఉంటారు, వెళ్లి అడగండి. ముదురు నీలం తడి రుద్దుడులో 5 తెచ్చుకోదు, దాని కోసం పట్టుబడితే రసాయనాల వైపు జారతాం. 2 వస్తే మళ్లీ ఉతకాలి. 3 వస్తే అమ్మవచ్చు, కానీ ఆ మాట ట్యాగు మీద ఉండాలి.

5. కత్తెర, సూది

చేనేత బట్టలో పోగులు మర బట్టంత బిగువుగా ఉండవు. ఒళ్లు కదిలేచోట, అంటే చంకలో, వీపు మధ్య, పిరుదుల దగ్గర, కుట్టు తెగకపోయినా కుట్టు పక్కనే పోగులు జరిగి నిచ్చెనలా కనిపిస్తాయి. కొన్నవారు దాన్ని “చిరిగింది” అంటారు, దర్జీ “కుట్టు బాగానే ఉంది కదా” అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కుట్టిన నమూనా ముక్కను కుట్టుకు రెండు వైపులా పట్టుకుని వెలుతురుకు ఎదురుగా గట్టిగా లాగండి. సూది రంధ్రాల పక్కన సందులు తెరుచుకుంటే ఆ బట్టకు బిగుతు కోత పనికిరాదు. చంకలో చిన్న చదరపు ముక్క కలపండి, కుట్టు లోపల మడిచి రెండోసారి కుట్టే పద్ధతి వాడండి, పక్కన అర అంగుళం కాక ముప్పావు వదలండి. సన్న నూలు బట్టకు 11 నంబరు సూది, అంగుళానికి 10 నుంచి 12 కుట్లు. మొద్దుబారిన సూది పోగును తోయదు, తెంచుతుంది. రోజూ సూది మార్చే ఖర్చు చూసి వెనకాడకండి.

పక్క కుట్ల లోపల ఒక అంగుళం అదనంగా గుడ్డ వదిలితే తిరిగి రావడం బాగా తగ్గుతుంది. పిల్లల బట్టలు కుట్టించేటప్పుడు “లోపల గుడ్డ వదలండి” అని మన అమ్మలు దర్జీకి చెప్పేది ఇందుకే. బిగిస్తే కుర్తాను మనకు పంపక్కర్లేదు, వీధి చివర దర్జీ విప్పి వదులు చేస్తారు. ఆ సంగతి ట్యాగు మీద రాయండి. కుట్టు కూలి మీరే ఇస్తామని కూడా రాస్తే, రానూపోనూ ఖర్చు కంటే అది చవక.

గుండీలు ఒకసారి లాగి చూడాలి, కాజాల్లో వేలాడే దారాలు కోయాలి. ఇనుప హుక్కులు వద్దు, తుప్పు కరక్కాయ బట్ట మీద నల్ల మరక వేస్తుంది. ఇంతకుమించి ఇక్కడ చెప్పాల్సింది లేదు.

6. కొలతలు

ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలను ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు. ప్రతి సైజుకూ రెండు వరుసలు ఇవ్వండి. ఒకటి ఒంటి కొలత, రెండోది కుర్తా కొలత, అదీ ఉతికాకది. సాగని నేత బట్ట కాబట్టి ఛాతీ దగ్గర ఒంటి కొలత కంటే 3, 4 అంగుళాలు ఎక్కువుండాలి.

అయినా టేపు పట్టి ఒళ్లు కొలుచుకునేవారు తక్కువ. అందరూ చేయగలిగేది ఇంకోటుంది. తమకు బాగా సరిపోయే కుర్తాను మంచం మీద పరిచి ఈ చంక నుంచి ఆ చంక దాకా కొలిచి రెట్టింపు చేయమనండి. ఆ అంకె మెసేజ్ పెడితే సైజు మీరే చెప్పండి. అమెరికాలోని మనవాళ్లకు పంపేటప్పుడు ఇది తప్పనిసరి. అక్కడి నుంచి వెనక్కి తెప్పించడం గిట్టదు. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా ఎత్తేసింది కాబట్టి సుంకం ఎవరు కట్టాలో కూడా ముందే చెప్పకపోతే పార్శిల్ గుమ్మం నుంచే తిరుగుముఖం పడుతుంది.

7. ఫొటో, మాట

ఉదయపు వెలుతురులో, గుమ్మం నీడలో తీసిన ఫొటో బట్ట రంగుకు దగ్గరగా వస్తుంది. లైట్లు పెట్టి తీసిన ఫొటోలో మంజిష్ఠ ఎరుపు కాషాయంగా కనిపిస్తుంది, బట్ట అందుకున్నవారు మోసపోయామనుకుంటారు. ఒక ఫొటో మాత్రం తప్పకుండా బాగా దగ్గరగా తీయండి: లావు పోగు కనిపించేలా, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. ఆ పోగు నచ్చనివారు కొనరు. అది మంచిదే.

రాసేటప్పుడు అస్పష్టమైన పొగడ్తలు వద్దు. “రంగులో స్వల్ప తేడాలు ఉండవచ్చు” అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. “ఈ నీలం మొదటి మూడు ఉతుకుల్లో రంగు వదులుతుంది. అందాకా తెల్ల చున్నీ, లేత రంగు సంచి వాడకండి. కుంకుడు రసంతో గానీ క్షారం లేని ద్రవంతో గానీ విడిగా ఉతకండి. నీడన తిరగేసి ఆరేయండి” అని రాయండి. విజయవాడ ఆవిడ నన్ను అడిగింది ఇదే.

“వంద శాతం సహజం” అని రాసేముందు కుర్తాను తిరగేసి చూడండి. కుట్టుదారం పాలియెస్టరా? కాలరు లోపల అంటించిన గట్టి పొర (ఫ్యూజింగ్) ఏమిటి? లేబుల్ దేనితో చేసింది? కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో పర్యావరణ ప్రచారాలపై మార్గదర్శకాలు తెచ్చింది, ఇలాంటి మాటలకు ఆధారం చూపాలి. సేంద్రియ ముద్రల్లో బాగా తెలిసిన గాట్స్ కూడా కనీసం 70 శాతం సేంద్రియ నూలు ఉంటేనే తన పేరు వాడనిస్తుంది, “సేంద్రియం” అని సూటిగా వేసుకోవాలంటే 95 శాతం ఉండాలి. “బట్ట చేనేత నూలు, సహజ రంగు, కుట్టుదారం పాలియెస్టర్” అని రాసినందుకు మేం అమ్మకం పోగొట్టుకున్నది లేదు.

8. పంపేముందు

విడతకు నలభై యాభై కుర్తాలు చేసేవారు ప్రతిదాన్నీ చూడండి, నమూనా లెక్కలు అక్కర్లేదు. వందలు దాటితే, ఎన్ని తీసి చూడాలో చెప్పే ఐఎస్ఓ 2859 పట్టిక ఉంది. మామూలుగా వాడే 2.5 స్థాయిలో (నూటికి ఎన్ని లోపాలు ఒప్పుకుంటామన్న హద్దు), 281 నుంచి 500 దాకా ఉన్న విడతలో 50 తీసి చూస్తారు. లోపాలున్నవి మూడు దాకా ఉంటే ఒప్పుకుంటారు, నాలుగైతే మొత్తం వెనక్కి పంపి మళ్లీ చూస్తారు.

చూసే మనిషి కుట్టిన మనిషి కాకూడదు. బల్ల మీద పరిచి ముందు, వెనక, తిరగేసి లోపల, చంకలు, కాజాలు ఎప్పుడూ ఒకే వరుసలో చూడాలి. ముదురు నీలాన్ని తెల్ల బట్టతో కలిపి మడవకూడదు, మధ్యన కాగితం వేయాలి. వానాకాలంలో తడి ఆరకుండా మూట కట్టారో, దారిలోనే బూజు పడుతుంది.

9. అయినా తిరిగొస్తే

“తిరిగి తీసుకోము” అని బోర్డు పెట్టేసి తప్పించుకునే వీలు లేదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువు లోపభూయిష్ఠమైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా ఆన్‌లైన్‌లో అమ్మినవారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు తేల్చాలి. నెల దాకా ఎందుకు? ఆ రోజే ఫోన్ చేయండి. మొదటి మాటగా “చేనేత కదా” అనకండి, “ఎక్కడ, ఎప్పుడు, ఎలా జరిగిందో చెప్పండి” అని వినండి. లోపం మనదైతే రానూపోనూ ఖర్చు మనదే.

తిరిగొచ్చిన బట్టను నాలుగు బుట్టల్లో ఒకదానిలో వేయండి. ట్యాగు కూడా తీయనిది మళ్లీ అమ్మకానికి. ముడతలు పడ్డది, వాసన పట్టింది ఉతికి ఇస్త్రీకి. చిన్న చిరుగు, మరక ఉన్నది రఫూకి, లేదా మళ్లీ అద్దకానికి. మచ్చపడ్డ లేత రంగు కుర్తా నీలి బానలో మునిగితే కొత్త బట్టే. ఇవేవీ కుదరనిది పిల్లల చొక్కాకో, సంచికో, చివరకు బొంతకో. పాత చీరలు పొరలు పేర్చి బొంత కుట్టిన నేలలో బట్ట పారేయడం మనకు కొత్త అలవాటు.

బాగుచేసినవాటిని దాచి అమ్మకండి. “రఫూ చేసినది” అని పేరు పెట్టి, రఫూ ఫొటో వేసి, ధర తగ్గించి అమ్మండి. అమెరికాలో పాటగోనియా తన పాత బట్టలను బాగుచేసి వోర్న్ వేర్ పేరుతో అమ్ముతోంది, స్వీడన్‌లో నూడీ జీన్స్ తన ప్యాంట్లకు ఉచితంగా మరమ్మతు చేస్తుంది. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన చట్టం అమ్ముడుపోని బట్టలను పెద్ద కంపెనీలు నాశనం చేయకుండా 2026 జులై 19 నుంచి నిషేధం పెట్టింది. మన దగ్గర రఫూ చేసే చేతులు ఇంకా ఉన్నాయి, వాళ్లకు పని ఇవ్వడానికి చట్టం దాకా ఆగక్కర్లేదు.

10. నెలకోసారి, బట్టే మాట్లాడాలి

నెల చివర తిరిగొచ్చిన బట్టలను సంచిలో వేసుకుని నేతన్న ఇంటికి, అద్దకం షెడ్డుకు, కుట్టుబల్ల దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో చెబితే నింద అవుతుంది. చేతికి బట్ట ఇస్తే పని అవుతుంది.

ఆ తెల్ల చున్నీని నేను అద్దకం పెద్దాయన ముందు పరిచాను. ఆయన మరకను బొటనవేలితో రుద్ది చూసి, “రెండు జాడింపులు తగ్గించాం కదమ్మా ఆ వారం. మళ్లీ అడిగినా తగ్గించను” అన్నారు. చున్నీని షెడ్డులో నీళ్ల తొట్టి పైన మేకుకు తగిలించారు. విజయవాడ ఆవిడకు కొత్త తెల్ల చున్నీ, బాగా ఉతికిన కుర్తా పంపాం. పాతది ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలు అదేమిటని అడిగితే ఆయనే చెబుతారు.